లాటిన్ గదిలో చివరి మాట

సాయంత్రం ఆరున్నర. సన్నటి జల్లు.

మా పిల్లల బడిలో మూడో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. లాటిన్ మాస్టారు పాఠం మధ్యలో అక్కడే కుప్పకూలి ప్రాణం విడిచారట. ఆయన పద్ధతి ఒకటే — మాటల విభక్తుల పట్టిక తప్పు చెబితే రూళ్ళకర్రతో బల్ల మీద రెండు దెబ్బలు, మళ్ళీ మొదటికి. పూర్తయ్యేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు. చీకటి పడ్డాక అక్కడ పట్టిక మొదలెడితే ఇప్పటికీ పోనివ్వరట.

"చచ్చినా పాఠం వదలని మనిషండీ," అనేది బడి ఆయా.

"మా పెద్దదానికి అలాంటాయనే కావాలి," అని నవ్వేదాన్ని.

తెల్లారితే పెద్దదానికి లాటిన్ పరీక్ష. ఈసారీ తప్పితే బడిలోంచి తీసేస్తారు. నోటుపుస్తకం ఆ గదిలోనే మరిచిపోయింది. చెల్లెల్ని తోడు తీసుకుని, పట్టిక వల్లె వేసుకుంటూ పైకెళ్ళింది. నేను గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

"రెండు నిమిషాలమ్మా!"

పావుగంటైంది.

మెట్లెక్కాను. కరెంటు లేదు... వరండా చివర పెద్దదాని గొంతు, వెక్కుతూ పట్టిక చెబుతోంది — "దోనుమ్... దోనుమ్..."

టక్. టక్.

"మొదట్నుంచి," అన్నారెవరో, గుసగుసగా. ఆ గొంతు ఆడదీ కాదు, మగదీ కాదు. మా పెద్దది నేర్చుకుంటున్న నపుంసకలింగం మాటల్లాగే.

తలుపు తోశాను. గడియ లేదు — అయినా తెరుచుకోలేదు.

"అమ్మా... బహువచనం గుర్తు రావట్లేదే..."

"ఏదో ఒకటి చెప్పెయ్యవే అక్కా!" చిన్నది ఏడుస్తోంది.

నెల్లాళ్ళుగా పెద్దది వంటింట్లో నా చెవి పక్కనే వల్లె వేసింది కదా. అర్థం తెలీదు, నోటికొచ్చు. తలుపు సందులో నోరు పెట్టి చెప్పాను — "దోనా, దోనా, దోనా... దోనోరుమ్... దోనీస్."

చప్పుడు లేదు.

తలుపు దానంతటదే తెరుచుకుంది.

పరుగే పరుగు. ఇంటికొచ్చి గడియ పెట్టాను. దీపాలన్నీ వేశాను. ముందుగదిలో తలలు తుడుస్తుంటే పెద్దది మెల్లగా అంది...

"అమ్మా, చివరి మాట రెండుసార్లు అనాలి. నువ్వు ఒక్కసారే అన్నావ్."

"మరి... ఎలా వదిలారే?"



వంటింట్లో, బల్ల మీద — టక్. టక్.

ఇద్దర్నీ ఒళ్ళోకి లాక్కున్నాను. లెక్కపెట్టాను. పెద్దది. చిన్నది. నేను. క్షేమంగా చేరినవాళ్ళం ముగ్గురం.

ముగ్గురమూ ఈ గదిలోనే ఉన్నాం.