దవడలో దాగిన విషం

"మన రహస్య కోడ్‌లు చూసే ఆఫీసర్లు ముగ్గురు పోయారు, అల్లుడూ. ముగ్గురికీ గుండెపోటే. ముగ్గురూ కొన్ని నెలల ముందు ఒకే క్లినిక్‌లో పన్ను పీకించుకున్నారు."

సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఫైలు మూశాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ ఉడుత అతని సొంత అల్లుడు. ఎడమ చెంప వాచి ఉంది.

"పన్ను తీసిన గుంట ఖాళీగా వదిలేస్తే దవడ ఎముక కుంచించుకుపోతుంది. అందుకని ఆ గుంట కొలతకి జల్లెడలాంటి ముక్కని త్రీడీ ప్రింటర్‌లో తయారుచేసి పెడతారు. స్కాఫోల్డ్. ఎముక పెరిగేకొద్దీ అది కరిగిపోతుంది. విదేశీ ముఠా అందులో విషపు గుళిక దాస్తోంది. ముక్క కరిగిందా, మనిషి హరీమంటాడు."

"నేనే ఎందుకు, మామయ్యా?"

"నీ పన్ను పుచ్చిందని మా అమ్మాయి చెప్పింది."

ఇంటి గుట్టు ఆఫీసుకెక్కించిన భార్యని ఉడుత మనసులోనే తిట్టుకున్నాడు. పిస్టళ్ళకి ఎదురు నిలిచినవాడే, కానీ డెంటిస్టు కుర్చీ అంటే అతనికి చచ్చేంత భయం.

"ఆ ముక్క సాక్ష్యంగా మన చేతికి రావాలి. అక్కడి లేడీ డాక్టర్ డబుల్ ఏజెంట్, ముఠాలో ఉంటూనే మనకి పనిచేస్తోంది. మంచి ముక్కయితే రక్తపు బొట్టుని ఇట్టే పీల్చేస్తుంది, గుళిక ఉన్నది పీల్చదు. ఆమె 'గట్టిగా ఊపిరి పీల్చండి' అనగానే నువ్వు రంగంలోకి దూకు."

"అనకపోతే?"

చీఫ్ క్లినిక్ అపాయింట్‌మెంట్ చీటీ అల్లుడి చేతిలో పెట్టాడు.

కోడ్ ఆఫీసర్ వేషంలో ఉడుత ఆ క్లినిక్‌కి వెళ్ళాడు. స్కానింగ్ అయింది, ముక్క తయారైంది. అతను పెట్టుకొచ్చిన రహస్య కెమెరా కళ్ళజోడుని నర్సు మర్యాదగా తీసి పక్కన పెట్టింది. మత్తుసూదికి దవడ మొద్దుబారింది, గుండె మాత్రం దడదడలాడుతూనే ఉంది. పన్ను ఊడి వచ్చింది.

ముక్కని దాన్ని ప్రింట్ చేసిన ల్యాబు మనిషే స్వయంగా తెచ్చాడు. తెచ్చినవాడు వెళ్ళలేదు. డాక్టర్ వెనకాలే నిలబడ్డాడు, కుడిచెయ్యి కోటు జేబులో ఉంది.

డాక్టర్ అందగత్తె. మాస్కు పైనున్న ఆ కళ్ళలో ఉడుతకి ఏమీ అర్థం కాలేదు. ఆమె ముక్కమీద అతని రక్తం ఒక బొట్టు వేసింది. బొట్టు ఇంకలేదు. ఎర్రటి పూసలా అలాగే నిలిచింది.

కోడ్ మాట చెప్పు తల్లీ!

ఆమె చెప్పలేదు. పట్టకారు నోటి దగ్గరికి వచ్చింది. అటు అమ్ముడుపోయిందన్నమాట! అరుద్దామంటే నాలుక తిరగలేదు. ముక్క కింది పెదవికి తగిలింది. సరిగ్గా కూర్చుంటోందో లేదో చూడటానికి ల్యాబు మనిషి ముందుకు వంగాడు.

"గట్టిగా ఊపిరి పీల్చండి," అంది డాక్టర్.

ఉడుత తలమీది లైటుని వాడి కళ్ళలోకి తిప్పి, కాలితో పొట్టలో ఒక్కటిచ్చాడు. పిస్టల్ నేలమీద పడింది. ఆ చప్పుడుకి, బయట పేషెంట్లలా కూర్చున్న ఏజెంట్లు దూసుకొచ్చి వాణ్ణి కట్టేశారు.

"ఇందాకే చెప్పొచ్చుగా!" ఉడుత ముద్దముద్దగా అన్నాడు.

"ఎలా చెప్పను? పిస్టల్ నా వీపుకి ఆనించి ఉంది. వాడు వంగేదాకా ఆగాలిగా."

ఆమె అలమారాలోంచి ఇంకో ముక్క తీసింది. "ఇది నేనే ప్రింట్ చేశాను. పడుకోండి."

"ఇంతకీ మీరు ఎవరి పక్షం?"

"ఈ పూటకి మీ దవడ పక్షం."

ఉడుత రెప్ప వెయ్యకుండా చూశాడు. బొట్టు పడగానే ముక్క ఎర్రగా తడిసిపోయింది. అప్పుడుగానీ అతను నోరు తెరవలేదు.

కుట్టు వేశాక డాక్టర్ చెప్పింది: "వారం దాకా ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకండి."

"నాకు జీతమిచ్చేదే దానికండీ," అన్నాడు ఉడుత.