తొలివాన ఉసిళ్లు

"ఏయ్ మేడం! పుట్టలోకి కమ్మీ దూర్చబాకండి. మా అమ్మ పాలు పోసే పుట్ట అది!"

తమ మామిడితోటలో మునిచంద్ర కోమలితో అన్న మొదటి మాట అదే. తిరుపతి యూనివర్సిటీలో పురుగుల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి ఆమె.

"కమ్మీ కాదప్పా, థర్మామీటరు" అని పకపకా నవ్వింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఆ వేసవంతా వస్తూనే ఉంది. ఆమె మాట్లాడేది, అతను వినేవాడు. ఒకరోజు పేడదిబ్బలో దొరికిన కొమ్ముపురుగును తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఎంత పొగరు సూడు!" అంది ఆమె. "ఈ కొమ్ముతో ఇంకో మగపురుగును కుమ్మి, ఆడపురుగును గెలుస్తాడు. ఆనక తన దారి తనదే."

"మరి చెదపురుగు?"

"దానికి కొమ్మూ లేదు, పొగరూ లేదు. తొలివానకు రెక్కలొచ్చి ఉసిళ్లై ఎగరతాయి గదా, జత కుదిరితే రెక్కలు రాల్చేసి ఇద్దరూ మట్టిలోకి పోతారు. రాణి పక్కనే రాజు, సచ్చేదాకా." ఆమె కళ్లు దించుకుంది. "నువ్వు ఏ రకమబ్బా?"

"మోటరు ఆపొస్తా" అని లేచిపోయాడు.

వెళ్లేటప్పుడు ఆమె అంది: "ఆదివారం నన్ను సూసేదానికి వస్తా ఉండారు. ఉసిళ్లు లేస్తానే ఫోన్ చెయ్యి. అవంటే నాకు ప్రాణం."

శనివారం వాన పడింది. ఫోన్ చేశాడు. ఆమె వచ్చేలోగా, ఆ ఊళ్లో అందరూ చేసే పనే తనూ చేశాడు. పుట్ట పక్కన గుంత తీసి, కుండ పెట్టి, ఒక్క ఉసిలినీ వదలకుండా పట్టాడు. నోటితో చెప్పలేనిది ఇలాగైనా తెలుస్తుందని అతని ఆశ.

కెమెరాతో ఆటో దిగిన కోమలి బోసిపోయిన పుట్టను చూసింది. "యాడ ఉండాయి?"

టిఫిన్ బాక్సు చాచాడు. "బొరుగులేసి వేయించినా. నీకిష్టమని..."

"ఓరి దేవుడా! నా జంటలన్నిటినీ వేయించేసినావా?"

నవ్వీ నవ్వీ ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గుప్పెడు తీసి నోట్లో వేసుకుని, నములుతూ అతన్నే చూసింది. "ఇంకేమన్నా సెప్పాల్నా?"

"కారం ఎక్కువైందా?" అన్నాడు.

ఆమె ఆటో ఎక్కి వెళ్లిపోయింది. అతనికి నాలుగు రోజులు నిద్ర లేదు. అయిదో రోజు యూనివర్సిటీ గేటు దగ్గర నిలబడి, ఆమె కనబడగానే ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు.

"నువ్వంటే నాకిష్టం. పెండ్లి చేసుకుందామా?"



"ఆ పొద్దు ఆటో మలుపు తిరిగేదాకా వెనక్కి సూస్తానే ఉంటిని. నిన్న తాంబూలాలు మార్చుకున్నారు మునిచంద్రా. ఎవురూ బలవంతం చెయ్యలేదు. ఆదివారం వచ్చినాయన నోరు తెరిచి అడిగినాడు."