తమ్ముడి పేరు మీద కుట్లు

బడులు తెరవడానికి నాలుగు రోజులే ఉన్నాయి. ముందు గదిలో బల్ల నిండా నీలం బట్ట పరిచి ఆమె పొద్దున్నే యూనిఫాం చొక్కాలు కత్తిరిస్తోంది. కుట్టుమిషను పక్కన చాప మీద ఆమె మొగుడు మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాడు. అతను వెల్డరు. నిప్పురవ్వలు చొక్కాలో పడ్డా దులుపుకుని పని చేసుకునే మనిషి, నిన్న పని మధ్యలో వదిలేసి సర్కారు ఆసుపత్రికి నడిచాడంటే ఆ నొప్పి ఏపాటిదో అర్థం చేసుకోవచ్చు. అక్కడ గ్యాసుకి మాత్రలిచ్చి పంపేశారు.

"గ్యాసు వెల్డింగు చేసేవాడి కడుపులో గ్యాసు కాక ఇంకేం ఉంటుంది?" అన్నాడు బావగారు టీ చప్పరిస్తూ.

బావగారంటే వెల్డరు అన్న. పద్దెనిమిదేళ్ళుగా పరాయి దేశంలో క్రేను నడుపుతున్నాడు. రెండేళ్ళకోసారి చుట్టపుచూపుగా వచ్చి, పది రోజులుండి, కనిపించిన ప్రతిదానికీ వంక పెట్టి వెళ్ళిపోతాడు. అన్నదమ్ములిద్దరిదీ అచ్చుగుద్దినట్టు ఒకటే ముఖం. కాకపోతే జోకులు వేసే పని అన్నది, నవ్వే పని తమ్ముడిది. ఈసారి తమ్ముడు నవ్వలేదు.

మాత్ర ఎన్నిసార్లు వెయ్యాలో చూద్దామని ఆసుపత్రి చీటీ తీసిన ఆమె, ఒక గీత దగ్గర ఆగిపోయింది. రెండేళ్ళ క్రితం అపెండిక్స్ ఆపరేషను జరిగినట్టు అందులో రాసుంది. పదకొండేళ్ళు కాపురం చేసిన దానికి మొగుడి ఒంటి మీద ఎక్కడ ఏ మచ్చ ఉందో తెలియదా? ఎవరి చీటీయో తెచ్చి వీళ్ళ చేతిలో పెట్టారనుకుని, మార్చుకొస్తానని చెప్పులేసుకుంది.

"వెళ్ళకు. అది మన చీటీయే," అన్నాడతను చాప మీంచి.

టీ గ్లాసు బావగారి పెదాల దగ్గరే ఆగింది.

ఆ తర్వాత సంగతంతా ముక్కలుముక్కలుగా బయటపడింది. క్రితంసారి, ఆమె అక్కని చూడ్డానికి వెళ్ళిన వారంలో, బావగారికి కడుపునొప్పి వచ్చింది. ఆసుపత్రి కిటికీ దగ్గర గుమాస్తా, ఉచిత వైద్యం ఇక్కడ నివాసం ఉండేవాళ్ళకేననీ, బయట స్థిరపడినవాళ్ళు ఆపరేషనుకి డబ్బు కట్టాల్సిందేననీ చెప్పింది. ఆయన చిందులు తొక్కాడట. నేను పుట్టింది ఈ ఆసుపత్రిలోనే, మా అమ్మ కడుపులోంచి నన్ను ఊరికే తీసినవాళ్ళు నా కడుపులోంచి వేలెడు ముక్క తియ్యడానికి డబ్బులడుగుతారా అని అరిచాడట. అరిచి లాభం లేకపోతే, తమ్ముడు తన ఆసుపత్రి కార్డు తీసి ఇచ్చాడు. పక్క కిటికీలో వేరే గుమాస్తా, కార్డు మీద అదే ముఖం. కోత అన్నకి పడింది, రాత తమ్ముడి పేరు మీద పడింది.

నిన్న డాక్టరు ఆ రాత చూసి, నీకది ఎప్పుడో తీసేశారు కదా అంటే, ఈ మహానుభావుడు అన్న గుట్టు బయటపడకూడదని తల ఊపాడు. చొక్కా ఎత్తి చూసే తీరిక ఆ జనంలో ఎవరికుంది.

"లేవండి. వెళ్ళి నిజం చెప్పేద్దాం," అని ఆమె మొగుడి చంక కింద చెయ్యి వేసింది.

బావగారు లేచి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. రేపు సాయంత్రమే తన విమానమన్నాడు. ఇప్పుడు చెబితే కేసవుతుంది, పాస్‌పోర్టు లాక్కుంటారు, ఉద్యోగం ఊడుతుంది అన్నాడు. "ఒక్క రోజు ఓపిక పట్టమ్మా. నేను ఎక్కేశాక మీ ఇష్టం."

"ఈలోపల ఈయన పోతే?"

"గ్యాసుకి ఎవరూ పోరు."

బల్ల మీద ఇనుప స్కేలు ఉంది. అది చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు. మొదటి దెబ్బ ఆయన భుజం మీద పడింది, రెండోది కనుబొమ్మ చీల్చింది. ఆయన ఆమె మణికట్టు పట్టి మెలితిప్పి, గోడకేసి కొట్టాడు. బొత్తాల డబ్బా బోర్లాపడి బొత్తాలు గదంతా చిమ్మాయి. ఆ నొప్పితో ఎలా లేచాడో గాని, తమ్ముడు వెనకనుంచి అన్న కాలరు పట్టి లాగాడు. బుద్ధెరిగాక అన్న మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. బావగారు వెనక్కి చూడకుండానే మోచెయ్యి విసిరాడు. అది సరిగ్గా కడుపులో తగిలింది.

తమ్ముడు మిషను మీదకి ఒరిగి, పచ్చగా కక్కుకుని, బొత్తాల మధ్య కుప్పకూలాడు.

ఆమె కత్తెర అందుకుని మొన బావగారి గొంతుకి ఆనించింది. "తలుపు తీస్తావా, నీ పీక కొయ్యనా?" ఈ పదకొండేళ్ళలో ఆమె ఆయన్ని మీరు అనే తప్ప పిలిచి ఎరగదు.

ఆయన కత్తెర వంక చూడనైనా లేదు. మోకాళ్ళ మీద కూలబడి తమ్ముడి కడుపు మీద చెయ్యి వేశాడు. చెక్కలా బిగుసుకుపోయి ఉంది. రెండేళ్ళ క్రితం తన కడుపూ ఇలాగే బిగిసింది. అప్పుడు తన చెయ్యి వదలకుండా కూర్చున్నది వీడే. కార్డు కూడా అడక్కుండానే ఇచ్చాడు. ఆయనకి ఒక్కసారిగా తన మీద తనకే అసహ్యం వేసింది. తమ్ముణ్ణి భుజాన వేసుకుని, తలుపు కాలితో తన్ని వీధిలోకి పరిగెత్తాడు. ఆమె వెనకే పరిగెత్తింది.

ఆసుపత్రిలో రక్తం కారుతున్న ఆ ముఖం చూసి స్ట్రెచరు ఆయన ముందుకే తోశారు. నాకు కాదు వీడికి అని తమ్ముణ్ణి దాని మీద పడుకోబెట్టాడు. డాక్టరమ్మ రికార్డు తీసి, ఇతనికి అపెండిక్స్ లేదే అని నొసలు చిట్లించింది. బావగారు అందరి ముందూ చొక్కా పైకెత్తాడు.

"ఆ కుట్లు నావి. కార్డు వీడిది, కడుపు నాది. వీడిది వీడిలోనే ఉంది తల్లీ, త్వరగా చూడండి."

తమ్ముణ్ణి లోపలికి తీసుకెళ్ళాక గుమాస్తా పిలిచింది. క్రితంసారి ఆయన చేత కేకలు తిన్న మనిషే. కనుబొమ్మకి కుట్లు పడాలంటూ, ఇక్కడే ఉంటున్నారా అని అడిగింది.

"లేదమ్మా. చుట్టపుచూపుగా వచ్చాను," అని పాస్‌పోర్టు తీసి కిటికీలో పెట్టాడు.

"ఎన్నాళ్ళుంటారు?"

"వాడు లేచేదాకా."

కుట్లు వేయించుకోలేదు, రుమాలు అదిమిపెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. చాలాసేపటికి డాక్టరమ్మ వచ్చి, అపెండిక్స్ లోపలే పగిలిపోయిందనీ, తీసేసి శుభ్రం చేశామనీ, గండం గడిచినట్టేననీ చెప్పింది. రేపటిదాకా ఆగి ఉంటే దక్కేవాడు కాదంది. 'రేపు' అనే మాట వినగానే బావగారు తల గోడకేసి కొట్టుకుంటూ పసివాడిలా ఏడ్చాడు. పక్కనే కూర్చున్న మరదలు ఓదార్చలేదు.

మర్నాడు సాయంత్రం, విమానం వెళ్ళిపోయే వేళకి, తమ్ముడు తెలివొచ్చి కళ్ళు తెరిచాడు. కడుపు మీద కట్టు తడుముకున్నాడు.

"చీటీలో రాసింది ఇప్పుడు నిజమైందిలే అన్నయ్యా," అన్నాడు సన్నగా నవ్వుతూ.

జోకు తమ్ముడు వేశాడు. నవ్వాల్సిన వంతు అన్నయ్యది, కాని ఆయన వల్ల కాలేదు. తమ్ముడి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని తల వంచుకున్నాడు. నవ్వకండి, కుట్లు ఊడతాయి అని ఆమె మొగుణ్ణి కసిరింది. తర్వాత దూదీ, మందూ పట్టుకుని బావగారి ఎదురుగా నిలబడింది.

"తల ఇటు తిప్పు. చీము పడుతోంది."

నువ్వు అనే పిలుపు అలాగే ఉండిపోయింది. ఆయనకది తప్పనిపించలేదు. మందు అద్దుతున్న ఆమె మణికట్టు మీద తన వేళ్ళ గుర్తులు నల్లగా కమిలి కనిపించాయి.

"నొప్పిగా ఉందా అమ్మా?" అన్నాడు.

"ఉంది," అంది ఆమె. "నీకు?"