ట్రెయిలర్ తోక ఊపిన రోజు

ఆ మధ్యాహ్నం మోంటానా కొండదారి పక్కన, ఈదురుగాలిలో, నలుగురు ఒకరి వెనుక ఒకరు నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు నానమ్మ వెర్నా. ఆమె వెనుక నాన్న లైల్. నాన్న చొక్కా అంచు పట్టుకొని ఆరేళ్ల బోయిడ్. అందరికంటే చివర, చేతులు కట్టుకొని, పదేళ్ల టిల్డా.

వాళ్ల ఎదుట పికప్ ట్రక్కు, దానికి తగిలించిన తెల్లని క్యాంపర్ ట్రెయిలర్ ఉన్నాయి. పడక, పొయ్యి, భోజనాల బల్ల అన్నీ అమర్చిన చక్రాల ఇల్లు అది. కొని వారమైనా కాలేదు.

నలుగురికీ కోపంగానే ఉంది.

కొంతసేపటి క్రితం, చిన్న పల్లం దిగుతుండగా, ఆ ట్రెయిలర్ తోక ఊపింది. మొదట మెల్లగా ఊపింది. తరువాత ఎడమకూ కుడికీ విసురుగా ఊపింది. దానితో పాటు పికప్ వెనుక భాగం కూడా ఊగిపోయింది. నాన్న కాలితో బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసి, స్టీరింగు కింద ఉన్న ట్రెయిలర్ బ్రేకు మీటను చేత్తో నొక్కి పట్టాడు. ఊపు తగ్గింది. బండి రోడ్డు పక్కకు వచ్చి ఆగింది. అప్పుడు ఎవరి నోటా మాట రాలేదు.

ఇప్పుడు మాత్రం వస్తోంది.

"ఆ అమ్మేవాడి వాలకం నాకు నచ్చలేదని చెప్పానా, లేదా?" అన్నది నానమ్మ.

"అమ్మా, ట్రెయిలర్‌ని లాగుతోంది వాడి వాలకం కాదు, నా ట్రక్కు."

"నీ ట్రక్కు లాగిందా? ట్రెయిలరే నీ ట్రక్కుని లాగింది. వెనక సీట్లోంచి కళ్లారా చూశాను."

"గాలి కొట్టింది."

"మీ నాన్నా నేనూ ఇదే దారిలో గుర్రాల్ని ట్రెయిలర్‌లో ఎక్కించుకుని ఎన్నిసార్లు పోలేదు? గాలి అప్పుడు సెలవు పెట్టిందా?"

"నాన్నా, మనం లోయలో పడతామా?" అని బోయిడ్ అడిగాడు.

ఇద్దరూ ఒక్కసారిగా నోరు మూశారు. వాడు ఊరికే అడగలేదు. మరి కాస్త దూరంలో కనుమ ఉంది. కనుమ దాటితే సరస్సు దాకా దిగుడే. ఆ దిగుడుకు ఒకవైపు కొండ, మరొకవైపు లోయ. ఇందాకటి ఊపు అక్కడ వచ్చి ఉంటే ఏమయ్యేదో అందరికీ తెలుసు. దాన్ని పైకి అనే ధైర్యం ఒక్క బోయిడ్‌కే ఉంది.

"పడం. మెల్లగా పోదాం," అన్నాడు నాన్న. అంటూనే ఫోను తీసి, ట్రెయిలర్ అమ్మినతని మీద అరవడం మొదలుపెట్టాడు. "ఏం బండయ్యా అంటగట్టావు నాకు? గట్టి బండి, తొణకదు బెణకదు అన్నావే? పిల్లల్ని పెట్టుకుని వస్తున్నాను నేను."

టిల్డా ట్రెయిలర్ తలుపు వైపు చూసింది. ట్రెయిలర్ ఎందుకు ఊగిందో ఆమెకు సరిగ్గా తెలియదు. కానీ దాని లోపల ఏమి జరిగిందో ఆమె ఒక్కతికే తెలుసు.

టిల్డా కోపం ఆనాటిది కాదు. అది ట్రెయిలర్లు అమ్మే చోట పుట్టింది. అక్కడ ఒక పొడవాటి ట్రెయిలర్ ఉంది. అందులో ఒకదానిపై ఒకటిగా రెండు పిల్లల మంచాలు ఉన్నాయి. పై మంచానికి సొంత కిటికీ, సొంత దీపం, సొంత తెర ఉన్నాయి. టిల్డా నిచ్చెన ఎక్కి, అక్కడ పడుకొని, ఇక దిగనన్నది.

నాన్న పికప్ తలుపు తీసి, తలుపు చట్రానికి అంటించి ఉన్న చీటీని చదివాడు. ట్రక్కు ఎంత బరువు మోయగలదో దాని మీద ఉంటుంది. మనుషుల బరువు, సామాను బరువు, ట్రెయిలర్ బరువు కలిపి చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీ ట్రక్కు దీన్ని బంగారంలా లాగుతుంది సార్," అన్నాడు అమ్మేవాడు.

"లాగుతుందయ్యా. దిగుడులో ఆపుతుందా?" అన్నాడు నాన్న.

అలా చిన్న ట్రెయిలర్ ఇంటికి వచ్చింది. అందులో నానమ్మకు పడక ఉంది. టిల్డాకు మాత్రం భోజనాల బల్లను మడిచి పరుపు వేస్తారట. అందరూ తిని లేచేదాకా ఆమెకు పడుకునే చోటే ఉండదు. టిల్డా ఇంట్లో తలుపులన్నీ దడాలున వేసింది. అప్పటి నుంచి నాన్నతో అవును, కాదు తప్ప మరో మాట అనలేదు.

బయలుదేరే రోజు తెల్లవారగానే, నాన్న ట్రక్కులో నూనె చూస్తుండగా, ఆమె ట్రెయిలర్‌లోకి వెళ్లింది. ముందువైపు పడక కింద పెద్ద అర ఉంది. ముందు రోజు నాన్న అందులో బరువైన సామాను సర్దాడు. నిల్వ మాంసం సీసాల పెట్టెలు, నీళ్ల డబ్బాలు, పనిముట్ల పెట్టె అన్నీ అందులోనే ఉన్నాయి. మంచం ఎలాగూ లేదు, కనీసం ఈ అరయినా నాది కావాలి అనుకున్నది టిల్డా. పెట్టెలన్నీ ఒక్కొక్కటిగా ఈడ్చుకుంటూ పోయి, అన్నిటికంటే వెనుక ఉన్న బెంచీ కింద తోసేసింది. ఖాళీ అయిన అరలో తన దిండు, దుప్పటి, గాలి తీసిన రబ్బరు పడవ పెట్టుకొన్నది. చేతులు నొప్పి పుట్టాయి. ఆ నొప్పి కూడా ఆమెకు ఆనందంగానే తోచింది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. తాత పెట్టినది. ట్రెయిలర్ కదిలే ముందు అందరూ దాని చుట్టూ తిరగాలి. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చూసి, పైకి చెప్పాలి. చివరి మనిషి చెప్పేదాకా ఇంజను స్టార్టు చేయకూడదు. కొక్కెం, గొలుసులు నానమ్మవి. చక్రాలు నాన్నవి. లైట్లు బోయిడ్‌వి. లోపలి సామాను టిల్డాది. ఆమెదే చివరి మాట.

ఆ ఉదయం తన వంతు వచ్చినప్పుడు టిల్డా తలుపు కూడా తీయలేదు. నాన్న మొహమైనా చూడకుండా, "సరిగా ఉంది," అన్నది.

ఇప్పుడు నాన్న ఫోను జేబులో పెట్టుకొన్నాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"వాడేమన్నాడు?" అడిగింది నానమ్మ.

"సామాను ఎలా సర్దారు సార్ అంటాడు. నాకు సర్దడం నేర్పుతాడట. బరువంతా ముందువైపు నేనే సర్దాను, నొగ బరువు కాటా వేసి మరీ చూశాను." ట్రెయిలర్ నుంచి ముందుకు పొడుచుకు వచ్చి పికప్ కొక్కేనికి తగిలే ఇనుప కాడిని వాళ్లు నొగ అంటారు. "సరే, పదండి. చుట్టూ చూసి బయలుదేరదాం. మీ అమ్మ డ్యూటీ దిగి సాయంత్రానికి సరస్సు దగ్గరికి వచ్చేస్తుంది."

అందరూ ట్రెయిలర్ చుట్టూ తిరిగారు.

"గొలుసులు సరిగా ఉన్నాయి. కొక్కేనికి తాళం పడి ఉంది," అన్నది నానమ్మ.

"చక్రాలు సరిగా ఉన్నాయి," అన్నాడు నాన్న.

"ఇటుది వెలుగుతోంది, అటుదీ వెలుగుతోంది," అన్నాడు బోయిడ్. కుడి ఎడమలు వాడికింకా పట్టుబడలేదు.

తరువాత టిల్డా వంతు వచ్చింది. గాలి మాత్రం గీపెడుతోంది.

"టిల్డా, నిన్నే. నోట్లో ఏం పెట్టుకున్నావ్?" అన్నాడు నాన్న.

సరిగా ఉంది అంటే చాలు. ఎవరికీ ఏమీ తెలియదు. నాన్న మెల్లగానే తోలుతాడు. ఆమె కోపం ఇంకా పోలేదు. ఆ కోపం, చెప్పకు అన్నది. అప్పుడామెకు వెనుక సీటులో బోయిడ్ తన చెయ్యి పట్టుకొన్న సంగతి గుర్తుకు వచ్చింది. వాడి గోళ్ల గుర్తులు మణికట్టు మీద ఇంకా ఉన్నాయి.

"సరిగా లేదు," అన్నది.

"ఏం సరిగా లేదు?"

"ముందు అరలో పెట్టెలన్నీ వెనక్కి తోసేశాను. పొద్దున్నే. అడిగినప్పుడు సరిగా ఉందని అబద్ధం చెప్పాను."

నాన్న ఆమెను కౌగిలించుకోలేదు. మంచి పిల్లవమ్మా అనలేదు. తాము వచ్చిన దారి వైపు తిరిగి చూశాడు. తరువాత చాలా తక్కువ గొంతుతో మాట్లాడాడు. ఆయన అరిచినా అంత భయం వేసేది కాదు.

"ఎంత దూరం వచ్చాం మనం? నీ తమ్ముడు ఆ బండిలో ఉన్నాడు. మీ నానమ్మ ఉంది. పాపం ఆ అమ్మినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఎందుకమ్మా, ఒక మంచం కోసమా?"

"ఊగుతుందని నాకు తెలీదు."

"తెలీకపోతే అడగాలి. ఇదిగో, ఈ చక్రాలున్నాయే, తూగుడుబల్లకి మధ్య దిమ్మలాంటివి ఇవి. వెనక బరువెక్కితే ముందు నొగ పైకి తేలిపోతుంది. నొగ మీద బరువుంటేనే ట్రెయిలర్ ట్రక్కు వెనకాల బుద్ధిగా వస్తుంది. లేదంటే కుక్క తోకే."

"ఈ వయసులో నేనైతే గుర్రాలకి గడ్డి వేసేదాన్ని," అన్నది నానమ్మ. "ఈ మహారాణి కొంప ముంచింది. పెంపకం అలా ఉంది మరి."

"అమ్మా, నువ్వు ఊరుకో."

"ఎందుకు ఊరుకుంటాను? బల్ల మీద పడుకోవడం నామోషీ అయిపోయిందా దీనికి?"

టిల్డా ట్రెయిలర్ ఎక్కింది. ఒక్కొక్క పెట్టెనూ వెనుక నుంచి ముందుకు ఈడ్చసాగింది. నాన్న సాయం వచ్చాడు. అర నిండింది. దిండు, దుప్పటి, పడవ వెనుక బెంచీ కిందికి పోయాయి.

"పదండి, పొద్దుపోతోంది. ఎక్కండెక్కండి," అన్నది నానమ్మ.

"చుట్టూ తిరగలేదు," అన్నది టిల్డా.

"ఇప్పుడేగా తిరిగాం."

టిల్డా వినలేదు. ఈసారి లోపల ప్రతి తలుపూ తీసి చూసింది. తరువాత కిందికి దిగి, ట్రెయిలర్ వెనుక వైపుకు నడిచింది. అక్కడ బయటి నుంచి తెరిచే చిన్న అలమర ఉంది. ఆరుబయట వంటకు ఉద్దేశించినది. అది లోపలా కాదు, చక్రాలూ కాదు, లైట్లూ కాదు. ఎవరి వంతులోనూ లేదు. టిల్డా దాని తలుపు తీసింది.

అలమర నిండా నానమ్మ పోత ఇనుప కుండలు ఉన్నాయి. పెద్ద పెనం, కుండలు వేలాడదీసే ఇనుప ముక్కాలి కూడా ఉన్నాయి. టిల్డా ఒక కుండను రెండు చేతులతో ఎత్తబోయింది. అది కదలలేదు. నాన్న కాటా వేసిన తరువాత, ఆ ఉదయమే, నానమ్మ తన ఇంటి నుంచి తెచ్చి పెట్టి ఉండాలి.

టిల్డాకు మహారాణిని నేనా, నువ్వా అని అరవాలనిపించింది. నోరు తెరిచింది. మూసుకొన్నది. నడిచి వచ్చి తన చోట నిలబడింది.

"సరిగా లేదు," అన్నది.

"మళ్లీ ఏమయింది?" అన్నాడు నాన్న విసుగ్గా.

"వెనక అలమరలో ఇనుప కుండలున్నాయి. చాలా బరువు."

నాన్న తల్లి వైపు తిరిగాడు. నానమ్మ మొహం నల్లబడింది.

"అవి నా కుండలు. వంట వెనక చేస్తాం, కుండలు వెనక ఉండక నీ నెత్తిన పెట్టుకుంటావా?" అన్నది టిల్డాతో.

"నెత్తిన వద్దు, నానమ్మా. ముందు పెడదాం."

"నాకు చెప్తున్నావా నువ్వు? ట్రెయిలర్లలో గుర్రాల్ని లాక్కెళ్లిన దాన్ని నేను. నీ మీద కోప్పడ్డానని కక్ష తీర్చుకుంటున్నావ్."

"కోపం ఉంది," అన్నది టిల్డా. "కానీ అది కాదు. సరిగా లేదు. అంతే."

నాన్న ఇంజను తాళాన్ని జేబులో వేసుకొని, పికప్ బానెట్‌కు ఆనుకొని నిలబడ్డాడు. తాత పెట్టిన కట్టుబాటును మీరే ధైర్యం ఆయనకు లేదు. నానమ్మకూ లేదు. ఆమె మనుమరాలిని చాలాసేపు చూసింది. తరువాత చరచరా వెనుకకు నడిచి, ఒక కుండను ఎత్తి పొట్టకు ఆనించుకొన్నది.

"చూస్తారేం? ముక్కాలి ఎవరు తెస్తారు, మీ తాతా?"

అన్నీ ముందుకు చేరాయి. మళ్లీ నలుగురూ చుట్టూ తిరిగారు. టిల్డా అందరికంటే ఆలస్యంగా తిరిగి వచ్చింది. "సరిగా ఉంది," అన్నది. ఇంజను స్టార్టయింది.

కనుమ దిగేటప్పుడు నాన్న బండిని మెల్లగా పోనిచ్చాడు. గాలి కొడుతూనే ఉంది. అద్దంలో ట్రెయిలర్ నీడలా నిదానంగా వెంట వచ్చింది. లోయ వైపు చూడకూడదని బోయిడ్ కళ్లు గట్టిగా మూసుకొన్నాడు. అలాగే నిద్రపోయాడు.

సాయంత్రం అమ్మ జోలీన్ సరస్సు ఒడ్డుకు వచ్చేసరికి కుండలో మాంసం ఉడుకుతోంది. నాన్న కట్టెలు విరుస్తున్నాడు. టిల్డా ఎవరూ చెప్పకుండానే భోజనాల బల్ల మడిచి, పరుపు వేసుకొంటోంది.

"ప్రయాణం బాగా సాగిందా?" అని అమ్మ అడిగింది.

నాన్న కట్టెలు విరుస్తూనే ఉన్నాడు. నానమ్మ గరిటె పక్కన పెట్టింది. ఏప్రాన్ విప్పి మడిచింది. టోపీ సర్దుకొని, నిటారుగా నిలబడింది.

"కూర్చోకు జోలీన్, నిలబడే విను. టిల్డా, నువ్వూ ఇలా వచ్చి నిలబడు. ఇవాళ నీ కూతురు ఈ బండిని రెండుసార్లు ఆపింది. మొదటిసారి తన తప్పు తనే చెప్పి ఆపింది. దానికి నాకింకా కోపం పోలేదు, ఇవాళ పోదు కూడా. రెండోసారి నా తప్పుకి ఆపింది. నేను అరిచినా జంకలేదు, నన్ను ఎదిరించి ఒక్క మాట తూలలేదు. మనం కనుమ క్షేమంగా దిగామంటే అది టిల్డా టోర్గర్సన్ చేసిన పని. ఈ మాట అంటున్నది వెర్నా టోర్గర్సన్ అని అందరూ గుర్తుపెట్టుకోండి."