తాడు కట్టిన టర్బో

“ఆపమ్మా, ఆపు,” అన్నాడు డాక్టర్ భానోజీ, బానెట్ కింద నుంచి తల తియ్యకుండానే.

నూకరత్నం ఇంజన్ ఆపింది. భానోజీ చేతిలో పొడుగాటి స్క్రూడ్రైవర్ ఉంది. దాని మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని ఇంతసేపూ విన్నాడు. మూడో సిలిండర్ లోపల ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టు టకటకమని చప్పుడు. కారు నూకరత్నం పెళ్లికంటే పాతది. దాని ఇంజన్ పక్కన ఇప్పుడు నత్తగుల్ల ఆకారంలో కొత్త ఇనుప పరికరం ఒకటి మెరుస్తోంది. అదే టర్బోచార్జర్.

“మూడోది ఒప్పుకోవడం లేదు. దానికి గాలి ఎక్కువైంది,” అన్నాడాయన.

“ఒప్పుకోపోతే ఎలగ మేష్టారూ? బుదవారం పరీచ్చ.”

“బలవంతపెడితే పిస్టన్ పగుల్తుంది. అప్పుడు పరీక్షకు వెళ్లడానికి బండే ఉండదు.”

నూకరత్నం స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయింది. బుధవారం పరీక్ష తప్పితే మర్నాడు లక్ష్మివారం సంతకు కారు తియ్యడానికి లేదు. ఇరవై ఏళ్లుగా ఆమెకు తెలిసిన బతుకు ఆ ఘాట్ రోడ్డొక్కటే.

ఈ పరీక్ష సంగతి పాఠకులకు చెప్పాలి. కాలం మరీ దూరం కాదు, మన పిల్లలు పెద్దవాళ్లయ్యే నాటిది. వంజరికొండ ఘాట్ రోడ్డు మీద డ్రైవర్ లేని ఎలక్ట్రిక్ కోచ్‌లు తిరుగుతున్నాయి. అన్నీ ఒకే కంప్యూటర్ మాట విని, ఒకే వేగంతో, ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. లోపల చల్లగా ఉంటుంది, కుదుపు ఉండదు, ప్రమాదాలు లేవు. వంక పెట్టడానికి ఏమీ లేదు, చేతిలో కోడిపెట్ట ఉంటే తప్ప. కోచ్ తలుపుకి ఒక కెమెరా కన్ను ఉంది. అది కోడిని చూసినా, పసుపు బస్తాను చూసినా, చింతపండు తట్టను చూసినా తలుపు తెరుచుకోదు. పైగా కోచ్ కొండ కింద ఒకచోట, కొండ మీద ఒకచోట మాత్రమే ఆగుతుంది. మధ్య ఊళ్ల వాళ్లు అది వెళ్తుంటే చూసి సంతోషించాలి కాబోలు.

ఆ మధ్య ఊళ్ల వాళ్లను కొండమీద సంతకు చేర్చేవి పన్నెండు పాత పెట్రోలు బళ్లు. నడిపేది మనుషులు. ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆగుతారు, తట్ట దింపుతారు, ముసలమ్మలకు చెయ్యి అందిస్తారు. ఘాట్ పాలక మండలికి మాత్రం ఈ పన్నెండూ కంట్లో నలుసులు. నిషేధిస్తే గొడవవుతుందని పెద్దమనుషుల పద్ధతిలో ఒక పరీక్ష పెట్టారు. ఘాట్ సగంలో గేటు ఉంది, గేటు పక్కన నిటారైన వాలు ఉంది. పాత బండి ఏడాదికోసారి నిండు బరువుతో ఆ వాలు ఎక్కాలి. పైకి చేరేసరికి గంటకు ముప్పై కిలోమీటర్ల వేగం ఉంటే పాసు. లేకపోతే గేటు దాటకూడదు. దీనికి తోకగా ఇంకో నిబంధన ఉంది. పరీక్షలో ఏ పాత బండి అయినా మంచి వేగం చూపిస్తే, అందులో ముప్పాతిక వంతు మిగతా పాత బళ్లకు కూడా కనీస వేగమవుతుంది. గేటు అధికారి చక్రధర్ ఏటా దీన్ని మైకులో చదువుతాడు. ఏటా ఎవరూ చెవిన పెట్టరు. ఆ ముసలి బళ్లలో అంత పరుగు తీసేది ఏదుంది గనక.

నిరుడు నూకరత్నం కారు చావు తప్పి పాసయింది. ఎండాకాలంలో గేటుకి ఇవతలే కాగిపోయి ఆగిపోతే తోటి బండివాడు తాడు కట్టి పైకి లాక్కెళ్లాడు. చెడిపోయి తాడు మీద వెళ్లే బండికి పాసు అడగరు, ముందు లాగే బండికి ఉంటే చాలు. గేటు దానంతటదే లేచింది. లాగుతున్న బండిని దాటకూడదని కోచ్‌లకు నేర్పించారట, పాపం అవన్నీ వెనకే పాక్కుంటూ వచ్చాయి. ఆ రోజు అందరూ నవ్వుకున్నారు గాని, కారుకి ఆయువు తీరుతోందని నూకరత్నానికి అర్థమైంది. అప్పుడే ఆమె కారులో సంతకు వస్తున్న భానోజీ, దీనికి ఊపిరి నేను పోస్తానన్నాడు.

ఆయన ఇంజన్ల శాస్త్రవేత్త. పెట్రోలు ఇంజన్ చచ్చిపోయిన జంతువు, దాని మీద ఇంకా పరిశోధన ఏమిటని ఆయన ప్రయోగశాలకు తాళం వేశారు. చావలేదు, మీరు చంపుతున్నారని అందరి ముందూ అనేసి, సామాను వ్యానులో వేసుకుని కొండ కింద షెడ్డులో దిగాడు. ఇద్దరూ మొండివాళ్లే. జత కుదిరింది.

మామూలు ఇంజన్ తన ఊపిరి తనే తీసుకుంటుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఎంత గాలి లోపలికొస్తే అంతే. కొండ ఎక్కేకొద్దీ గాలి పలచబడి దానికి ఆయాసం వస్తుంది. టర్బోచార్జర్ ఏం చేస్తుందంటే, సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే వేడి పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్లోకి తోస్తుంది. గాలి పెరిగితే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బలం వస్తుంది. ఇంతవరకూ మన తాతల నాటి సంగతే. చిక్కల్లా, ఇలాంటి గాలికి అలవాటు లేని ఇంజన్‌కు దీన్ని తగిలిస్తే వస్తుంది. నొక్కిన గాలి కాగుతుంది, పెట్రోలు వేళకు ముందే పేలుతుంది. ఆ పేలుడే టకటక. ఎక్కువసేపు సాగితే పిస్టన్ ముక్కలవుతుంది.

భానోజీ కనిపెట్టింది దీనికి ఒక చెవి. ప్రతి సిలిండర్ గోడలోనూ బియ్యపు గింజంత పింగాణీ సెన్సర్. ప్రతి పేలుడునూ అది వింటుంది. ఏ సిలిండర్ టక్కుమన్నా, మరో పేలుడు జరిగేలోపు టర్బో గాలి తగ్గిపోతుంది. నాలుగింటిలో ఏది నీరసంగా ఉందో, దానికి ఎంత పడుతుందో అంతే గాలి అన్నిటికీ. నీరసమైనదాని మాట మిగతావి వింటేనే ఇంజన్ నిలుస్తుందని ఆయన సిద్ధాంతం.

సాయంత్రానికి మూడో సిలిండర్ చెవి సరిచేశాడు. చప్పుడు పోయింది. డాష్‌బోర్డు మీద గుండ్రటి బూస్ట్ మీటర్ ఒకటి బిగించాడు. టర్బో గాలి తోసినప్పుడల్లా దాని ముల్లు సున్నా నుంచి లేస్తుంది. వాలు మీద ముప్పై అయిదు దాటించొద్దనీ, పాసుకు అది చాలనీ నూకరత్నానికి గట్టిగా చెప్పాడు. ఆమె తలూపింది.

బుధవారం పన్నెండు బళ్లూ ఇసుక బస్తాలతో గేటు దగ్గర వరసకట్టాయి. పక్కన కోచ్‌లు నెమ్మదిగా గేటు దాటుతున్నాయి. అద్దాల వెనక జనం ఫోన్లు పైకెత్తి ఈ వింత బళ్లను వీడియో తీసుకుంటున్నారు. చక్రధర్ మైకులో నిబంధనలన్నీ చదివాడు. మర్యాదస్తుడు, చొక్కా మడత నలగదు. అందరికంటే ముందు నూకరత్నం కారు వంతు రాగానే మైకు కట్టెయ్యడం మరిచిపోయాడో, మరవలేదో గాని, ఆమెతో అన్న మాట అందరికీ వినిపించింది.

“నూకరత్నం గారూ, ఈ కారును ఇక విశ్రాంతి తీసుకోనివ్వండి. మ్యూజియంలో మంచి చోటిస్తాం. పక్కన మీ బొమ్మ కూడా పెట్టిస్తాం.”

అద్దాల వెనక నవ్వులు. నూకరత్నం అటు చూసింది. ఇరవై ఏళ్లుగా మోసిన తట్టలు, ఎక్కించుకున్న పురిటి మనుషులు, వానలో తోసుకెళ్లిన మలుపులు అన్నీ కలిసి ఆమె కుడికాల్లోకి దిగాయి. ముప్పై అయిదు అన్న మాట చెవుల్లోంచి ఎగిరిపోయింది. పెడల్ నేలకు తొక్కింది. టర్బో సన్నగా ఈల వేసింది. ముసలి కారు బస్తాలతో సహా వాలు ఎక్కి పైన బోర్డు మీద అరవై నాలుగు చూపించింది. అద్దాల వెనక ఒక్కడు నవ్వితే ఒట్టు.

డ్రైవర్లంతా ఈలలు వేస్తూ పరిగెత్తుకొచ్చారు. వాళ్లలో పెద్దవాడు సత్తిబాబు, అన్నిటికంటే నీరసమైన జీపు ఆయనది, ఆమె నెత్తిన చెయ్యి పెట్టి దీవించాడు. ఆ చెయ్యి ఇంకా తియ్యకముందే మైకు మోగింది. ఈ ఏడాది పాత బళ్ల కనీస వేగం నలభై ఎనిమిది అని చక్రధర్ ప్రకటించాడు.

ఆ తర్వాత పరీక్ష ఎంతోసేపు జరగలేదు. మిగతావన్నీ ముప్పైకీ నలభైకీ మధ్య ఆయాసపడి ఆగిపోయాయి. సత్తిబాబు అసలు జీపు స్టార్టు చెయ్యలేదు.

“నువ్వు గెలిసినావమ్మా,” అన్నాడు నూకరత్నంతో, కోపం లేకుండా. “మమ్మల్ని ఇంటికి పంపీసినావు.”

ఆమె కొట్టినా ఇంత బాధపడేది కాదు. మొహం ఎత్తలేకపోయింది. చక్రధర్ దగ్గరికి వెళ్లి, నా వేగం కొట్టెయ్యండి, నా పాసు కూడా మీరే ఉంచుకోండి అంది. పెంచడమే గాని తగ్గించడం కంప్యూటర్‌కు రాదని ఆయన విచారంగా చెప్పాడు. విచారం నిజమే కావచ్చు. తక్కిన బళ్లకూ టర్బోలు చేసివ్వడానికి ఎన్నాళ్లు పడుతుందని భానోజీని అడిగితే, ఆయన నెలల లెక్క చెప్పాడు. సంత తెల్లవారే. ఊళ్లలో పసుపు బస్తాలు అప్పటికే కట్టేసి ఉంటాయి. ఒక్క కారులో ఎంతమందిని ఎక్కించగలదు?

షెడ్డుకు దిగి వస్తున్నంతసేపూ ఆమె తనను తాను తిట్టుకుంది. ఆ తర్వాత నిబంధన రాసినవాణ్ని తిట్టింది. దిగువ మలుపులో, నిరుడు కారు కాగిపోయిన చోట, బ్రేకు వేసి ఆగింది. తిట్టడం మానేసి, భానోజీని షెడ్డు దగ్గర దింపి, తాళ్లు అమ్మే కొట్టుకు దారి పట్టింది.

లక్ష్మివారం పొద్దున్నే గేటు దగ్గర చక్రధర్ టీ తాగుతూ కిందికి చూశాడు. ముందు నూకరత్నం కారు. పక్క సీట్లో భానోజీ. కారు వెనక తాడు, తాడు చివర ఇంకో బండి, దాని వెనక తాడు, మళ్లీ బండి. పన్నెండు బళ్లూ నిండా జనం, తట్టలు, బస్తాలు. అన్ని ఇంజన్లూ చక్కగా నడుస్తున్నాయి. తాళ్లన్నీ వదులుగా వేలాడుతూ రోడ్డు ఊడుస్తున్నాయి. అన్నిటి చివర సత్తిబాబు జీపు, దాని వెనక తలుపుకి కోళ్ల గంపలు. జీపు ఎంత నడిస్తే మిగతావన్నీ అంతే నడుస్తున్నాయి.

చక్రధర్ గ్లాసు పక్కన పెట్టి గబగబా కిందికి వచ్చాడు.

“పదకొండు బళ్లూ ఒకేసారి చెడిపోయాయా?”

“నిన్న మీరే కదా బాబూ ఇవి పనికిరావన్నారు,” అంది నూకరత్నం.

“మరి తాడు వదులుగా ఉందేం?”

“బిగువుగా ఉండాలని రాసుందేటి?”

ఆయన నిబంధనల కాగితం తీసి చూస్తుండగానే, పాసున్న బండినీ దాని వెనక తాళ్లనూ చూసి గేటు దానంతటదే లేచింది. జీపు వెనక కోచ్‌లు వచ్చి ఆగాయి. ఒకటి, రెండు, పది, ఇరవై. ముందు లాగుడు బండి ఉంది, దయచేసి సహకరించండి అని అన్నిట్లోనూ ఒకే గొంతు మర్యాదగా చెబుతోంది. మొదటి కోచ్ ముందున్న కెమెరా కన్నుకి కోళ్లు తప్ప ఇంకేం కనిపించడం లేదు. నిన్న ఫోన్లు పైకెత్తినవాళ్లు ఇవాళ గడియారాలు చూసుకుంటున్నారు. కొండమీద దాకా ఆ రోడ్డు మీద అందరిదీ సత్తిబాబు జీపు వేగమే.

ఏడో మలుపు దాకా భానోజీ కళ్లు బూస్ట్ మీటర్ మీదే ఉన్నాయి. ముల్లు సున్నా దగ్గర పడుకుంది. ఇంత నెమ్మదిగా వెళ్తే టర్బో చక్రం తిరిగేంత పొగే రాదు. జీవితమంతా పెట్టి చేసిన యంత్రం, ఘాట్ మొత్తంలో బలమైన పాత ఇంజన్, మనిషి నడకతో పోటీ పడుతోంది. ఆయనకు నవ్వొచ్చింది.

“ఇది ఇంక లేవదా అమ్మా?” అని అడిగాడు.

నూకరత్నం అద్దంలో వెనక్కి చూసింది. జీపు కనబడే దాకా చూసి, యాక్సిలరేటర్ మీద కాలు ఇంకొంచెం తీసింది.

“నీరసమైనదాని మాట ఇనాలని మీరే కదా సెప్పినారు మేష్టారూ. ఆ ముల్లు లేసిందంటే తాడు తెగిపోతాది.”

రోడ్డు పక్కన ఎవరో తట్టతో చెయ్యెత్తారు. నూకరత్నం బ్రేకు వేసింది. వెనక పదకొండు బళ్లూ, వాటి వెనక కోచ్‌లన్నీ ఆగాయి.