గేటు దగ్గర ఆగిన గొంతు

తాను ఎన్నడూ చదవని వార్తను తన గొంతే చదువుతుంటే విని, జెస్లిన్ చేతిలోని చాయ్ ఒలకబోసుకుంది.

ఆవర్‌పూర్ బస్టాప్‌లో పక్కన కూర్చున్న ముసలాయన ఫోన్‌లోంచి వస్తోంది ఆ గొంతు. "పులి... మైన్ వెనక దారి... ఎవ్వరూ పోవద్దు."

తనదే, అనుమానం లేదు. కానీ చలికాలపు ఎండ కాస్తున్న ఈ సాయంత్రం, ‘పులి’ వెనక జోరుగా వాన చప్పుడు. ‘దారి’ వెనక రైలు కూత. ‘పోవద్దు’ వెనక ఎవరో ఊపిరి బిగబట్టి వదిలారు.



చంద్రపూర్ వైపు తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే, బడి మరాఠీలో కాబట్టి తెలుగు చదవగలిగేవాళ్లు తక్కువ. అందుకే జెస్లిన్ పనిచేసే చిన్న న్యూస్ ఛానెల్ వార్తల్ని ఆడియోగా వాట్సాప్‌లో పంపుతుంది. చదివేది ఆమే. ఏది వెళ్లాలో ఏది ఆగాలో తేల్చేది, ఆమెతో పాటే మాస్ కమ్యూనికేషన్ చదివిన ఎడిటర్ హరీష్. ఇద్దరు సాక్ష్యం చెప్పందే ఏ వార్తనూ వదలడు.

ఇది అబద్ధమైతే రేపట్నుంచి తన గొంతును ఎవరూ నమ్మరు. నిజమైతే? మైన్‌లో డ్యూటీ దిగి డాడీ నడిచొచ్చేది ఆ దారినే!

తన ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ముసలాయన ఫోన్ అడుక్కుని డాడీకి కలిపింది.

"నువ్వే పోవద్దంటివి గద బిడ్డా! మైన్ గేటు కాడనే ఆగినం. పంజా గుర్తులు నా చెయ్యంత ఉన్నయి."

"డాడీ, నేను చెప్పలే."



"మరి ఎవరు చెప్పిండ్రు బిడ్డా?"

ఆఫీసు చేరేసరికి చీకటి పడింది. కరెంటు లేదు. లాప్‌టాప్ వెలుగులో హరీష్ ఒక్కడే ఉన్నాడు. ఆ చీకట్లో జెస్లిన్ నవ్వు గలగలా వినిపించింది.

ఆమె నవ్వలేదు.

హరీష్ ఉలిక్కిపడి లాప్‌టాప్ మూశాడు.

"ఏంది గేట్‌కీపర్ సాబ్! ఎడిటర్ గేటు దాటందే వార్త కాదని క్లాస్‌ల పెద్ద లెక్చర్ ఇస్తివి. నీ గేటు ఎవరు దూకిండ్రు?"

"కూసో. చాయ్ చెప్పాల్నా?"

"చాయ్ గీయ్ వద్దు! ‘పులి’ అన్న మాట వెనక వాన ఉన్నది. జులైల నవ్వొచ్చి తప్పు చదివిన, గా బులెటినే. అది బయటికే పోలే, నువ్వే కోసి పడేసినవ్. ఖరే చెప్పు, అబద్ధం వద్దు!"

హరీష్ తల దించుకున్నాడు.

"నేనే చేసిన, జెస్లిన్. మైన్ గార్డు ఫోన్ చేస్తే పోయి పంజా గుర్తులు చూసిన. నీ ఫోన్ బంద్. రాసి పంపితే ఎవరు చదువుతరు? నా గొంతుతోని చెప్తే గీడెవడు అంటరు. షిఫ్ట్ దిగే టైమ్, మీ డాడీ యాదికొచ్చిండు. నీ పాత మాటలు ఏరి అతికించిన. అడగకుండ వాడుడు తప్పే, రేపు బులెటిన్ల నేనే ఒప్పుకుంట. ‘పోవద్దు’ వెనక ఊపిరి గూడ నాదే. నువ్వు చదువుతుంటే రికార్డింగ్ బటన్ కాడ కూసునేది నేనే గద. నీ దగ్గు, నీ నవ్వు, ‘ఛీ, మళ్ల తప్పు’ అనుడు, అన్నీ కోసిన గని ఒక్కటి గూడ డిలీట్ చెయ్యలే. అందరు పోయినంక రోజూ వింట. ఏ వార్తకైనా ఇద్దరు సాక్ష్యం అడుగుత గద? నా మనసుల ఉన్న గీ ఒక్క వార్తకు ఒక్కడే ఉన్నడు, నేనే. గందుకే ఇన్నొద్దులు గేటు కాడనే ఆపిన. రెండో సాక్ష్యం నువ్వే చెప్పాలె."