తవ్వమన్న గొంతు

జనక్‌పురి తెలుగు సమాజం భవనంలో బేస్‌మెంట్‌కు దిగే మెట్లు ఎన్నో ఉండవు. అయినా ఆ శీతాకాలం, పొద్దుగూకాక వాటి దరిదాపులకు వెళ్లిన మనిషి లేడు.

కింద ఒకే గది. ఒకప్పుడు ఆదివారం బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పిన గది. కరోనా రోజుల్లో తాళం పడింది, మళ్లీ ఎవరూ తీయలేదు. ఆ తాళం వేసిన గదిలోంచి — సరిగ్గా లైట్లు వేసే వేళకు — ఒక ఆడమనిషి గొంతు వస్తోందని మాట పుట్టింది.

మొదట విన్నది గార్డు ధరంపాల్. గేటు దగ్గర చలిమంట వేసుకుని, వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. "తౌబా... తౌబా... అంటోంది సాబ్. ఎవరో పాపం చేసుకున్న మనిషి. క్షమించమని ఏడుస్తోంది."

తర్వాత విన్నది భజనకు వచ్చిన ఇద్దరు గుంటూరు ఆడవాళ్లు. వాళ్లకు తౌబా అని వినిపించలేదు.

"తవ్వు... తవ్వు..."

ఏం తవ్వమంటోంది? ఎక్కడ తవ్వమంటోంది?

ఇంకేముంది! భవనం కట్టేటప్పుడు కూలిమనిషి ఎవరో పునాదిలో పడి చనిపోయిందనీ, ఆ గుంటలోనే సిమెంటు పోసేశారనీ వారం తిరక్కుండా కథ తయారైంది. అలాంటిదేమీ జరగలేదని పాత సభ్యులు మొత్తుకున్నా వినేవాళ్లేరి? సాయంత్రం కూచిపూడి క్లాసుకు పిల్లల్ని పంపడం మానేశారు. భజన ముందు మధ్యాహ్నానికి మారింది, తర్వాత ఎవరింట్లోనో పెట్టుకున్నారు.

ఆ పరిస్థితిలో నవదీప్‌కు ఫోన్ చేసింది సమాజం కార్యదర్శి సీతారత్నం. డెబ్భై దాటిన మనిషి, కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరైంది. నవదీప్ ఆమె కళ్లముందు జనక్‌పురిలో పెరిగినవాడే. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ద్వారకలో కాపురం.

"బాబూ, మన వెంకటసుబ్బయ్యగారు రాసిన అక్షరాల ప్రోగ్రాం గుర్తుందా? పిల్లలు బటన్ నొక్కితే అక్షరం చెప్పేది? దాన్ని ఫోన్లలో ఆడేట్టు మార్చాలి. అది కింద గదిలో ఉన్న పాత కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు."

నవదీప్ ఫోన్‌ను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"గుర్తుంది ఆంటీ," అన్నాడు చివరికి.

"దెయ్యం సంగతి నువ్వు నమ్మవు కదా?"

"అరే, నహీఁ ఆంటీ," అని నవ్వేశాడు.

*

అతను వచ్చిన సాయంత్రం పొగమంచు దట్టంగా కమ్మింది. ఆరున్నరకే వీధి లైట్లు పచ్చటి మరకల్లా ఉన్నాయి. సీతారత్నం శాలువా కప్పుకుని మెట్ల పైన నిలబడింది. ధరంపాల్ తాళంచెవి ఇచ్చి, మెట్ల లైటు వేసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"భయ్యా, మై యహీఁ హూఁ," అన్నాడు, ఇక్కడే ఉంటాలే అన్నట్టు.

నవదీప్ దిగాడు.

కింద చెమ్మ వాసన. తుప్పు పట్టిన తాళం. చెవి లోపలికి వెళ్లింది కానీ తిరగలేదు. ఊదాడు, కుదిపాడు, చేతులు రుద్దుకుని మళ్లీ తిప్పాడు... అప్పుడు వినిపించింది.

మాట కాదు. మూలుగు.

తలుపు అవతల ఏదో సన్నగా మూలుగుతోంది. మధ్యమధ్య పళ్లు కొరికినట్టు కటకటమంటోంది. నవదీప్ చెయ్యి తాళం మీదే ఆగిపోయింది.

"క్యా హువా?" పైనుంచి ధరంపాల్ గొంతు. ఏమైందని.

నవదీప్ కిందికి చూశాడు. తలుపు కింది సందులోంచి నీలంగా వెలుతురు పాకుతోంది... అతని బూట్ల దాకా వచ్చింది.

తాళం వేసిన గదిలో — వెలుతురు.

ఆ వెంటనే గొంతు. బొంగురుగా, నూతిలోంచి పిలిచినట్టు.

"తవ్వ్... వ..."

పైన సీతారత్నం "రామ రామ" అనుకోవడం స్పష్టంగా వినిపించింది. ధరంపాల్ అడుగుల చప్పుడు గేటువైపు పరుగెత్తింది. నవదీప్‌కూ పరుగెత్తాలనే ఉంది. కానీ దెయ్యం లేదని నవ్వినవాడు అతనే కదా! పళ్లు బిగించి చెవి తిప్పాడు. తాళం ఊడి వచ్చింది. తలుపు తోశాడు.

గదిలో మనిషి లేదు.

మూల బల్ల మీద, పసుపు తిరిగిన పాత కంప్యూటర్ ఒక్కటే వెలుగుతోంది. మూలిగేది దాని ఫ్యాన్. పళ్లు కొరికేది దాని డిస్కు. బూజు పట్టిన తెర మీద గుండ్రంగా ఒక పెద్ద అక్షరం — త.

చూస్తూ ఉండగానే పక్కనున్న పగిలిన స్పీకర్ గరగరమంది.

"త... తొవ్వ."

ఈసారి మధ్యలో తలుపు లేదు.

నవదీప్ దుమ్ము పట్టిన కుర్చీలో కూలబడ్డాడు. తౌబా కాదు. తవ్వూ కాదు. తొవ్వ! దారి. ఆ మాటను అలా అనే మనిషి ఈ కాలనీలో ఒక్కతే ఉండేది.

"త... తొవ్వ," అంది అతని తల్లి మళ్లీ, ఓపిగ్గా, ఎవరో బటన్ నొక్కేదాకా చెబుతూనే ఉంటానన్నట్టు.

అమ్మ మాణిక్యం కరోనా రెండో విడతలో పోయింది. చివరి మాటలు అతను వినలేదు. ఆసుపత్రిలోకి రానివ్వలేదు.

అతను వంగి ప్లగ్గు లాగేశాడు. గది చీకటైంది. ఫోన్ లైటులో చూస్తే సంగతి తెలిసింది. దీపావళికి మెట్ల దగ్గర కొత్త లైట్లు పెట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ ఈ గది బోర్డును కూడా అదే స్విచ్చికి కలిపేశాడు. రోజూ ధరంపాల్ మెట్ల లైటు వేస్తే కింద ఈ పాత యంత్రం లేచి కూర్చుంటోంది. చివరగా ఆడిన పిల్ల ఎక్కడ ఆపిందో అక్కడినుంచే పాఠం ఎత్తుకుంటోంది. అంతే.

అంతే... కానీ ఆ గొంతు అందులో ఉండకూడదు. ఉండటానికి వీల్లేదు.

డిస్కు ఊడదీసుకుని పైకి వచ్చాడు. సీతారత్నం మెట్ల కడ్డీ పట్టుకుని అక్కడే ఉంది, కదలకుండా.

"ఎవరు బాబూ?"

"ఎవరూ లేరు ఆంటీ. పాత కంప్యూటర్ దానంతటదే ఆన్ అవుతోంది. ఆ ప్రోగ్రామే."

"మరి అందులో ఉండాల్సింది నా గొంతు కదా? అక్షరాలన్నీ నేనే చెప్పాను. అది నాది కాదే! ఎవరిది?"

నవదీప్ ఆమె మొహం చూడలేదు.

"తెలీదు ఆంటీ. స్పీకర్ ఖరాబైంది," అన్నాడు.

*

మెట్రోలో కూర్చున్నంతసేపూ ఆ అబద్ధమే అతని తలలో తిరిగింది.

ఆ అక్షరాల పాఠం మొదలైనప్పుడు అతనికి పదేళ్లు. వెంకటసుబ్బయ్య ప్రభుత్వ కంప్యూటర్ల శాఖలో ఆఫీసరు. ఢిల్లీలో పుట్టిన తెలుగు పిల్లల కోసం సరదాగా ఆ ప్రోగ్రాం రాసి, అక్షరాలు చెప్పడానికి పక్క క్వార్టర్‌లో ఉన్న మాణిక్యాన్ని అడిగాడు. కరీంనగర్ మనిషి. గట్టి గొంతు. మాటలు ఆమెనే ఎంచుకోమన్నాడు. ఉ — ఉల్లిగడ్డ. చ — చాయ. త — తొవ్వ. ఎంత సంబరంగా చెప్పిందో!

పిల్లల్లో ఎక్కువమంది కోస్తావాళ్లు. మొదటి ఆదివారమే గదంతా నవ్వులు. రెండో ఆదివారానికి నవదీప్ పేరు "ఉల్లిగడ్డ" అయి కూర్చుంది.

ఆ సాయంత్రం ఒక్కడే వెంకటసుబ్బయ్య ఇంటికి వెళ్లి హిందీలో అడిగాడు. "అంకుల్, మమ్మీ కీ ఆవాజ్ హటా దీజియే." అమ్మ గొంతు తీసేయండి.

ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు చూశాడు. "ఠీక్ హై," అన్నాడు.

కొన్నాళ్లకు అందులోంచి సీతారత్నం ఆంటీ గొంతు వచ్చింది. ఉ — ఉడుత. చ — చక్రం. త — తబలా. అమ్మ ఏమీ అడగలేదు. ఆమెకు తెలియదనుకున్నాడు. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాడు.

ఇంటికొచ్చి డిస్కును తన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. భార్య నేహా లోపల బట్టలు మడతపెడుతోంది. మీరట్ అమ్మాయి, తెలుగు రాదు.

ప్రోగ్రాం అంతా ఒకే ఫైలు. ఆ రోజుల్లో అలాగే చేసేవాళ్లు — బొమ్మలు, అక్షరాలు, సౌండ్లు అన్నీ ఒకే మూటలో కట్టి. విప్పడం అతనికి పెద్ద పని కాదు. బొమ్మలు బయటికి వచ్చాయి. సీతారత్నం గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఫోన్లలో పలికేట్టు ఒక్కొక్కటే మార్చి పెట్టుకున్నాడు.

పని అయిపోయింది. ఫైలు మాత్రం అయిపోలేదు.

ప్రోగ్రాం ముగిసిన చోటు తర్వాత ఇంకా సగానికి సగం ఉంది. పైకి చూస్తే అర్థంలేని చెత్త. దాన్నీ సౌండుగా మార్చి చూశాడు. అమ్మ! అ నుంచి చివరిదాకా, ఒక్క అక్షరం పోకుండా.

వెంకటసుబ్బయ్య చెరపలేదు. దాచాడు. ఫలానా తేదీ దాటితే సీతారత్నం గొంతు, దాటకపోతే మాణిక్యం గొంతు పలకాలని ప్రోగ్రాంలో ఒక ముక్క రాసి పెట్టాడు. ఇన్నేళ్లకు ఆ కంప్యూటర్ లోపలి బ్యాటరీ చచ్చిపోయింది. తేదీ మర్చిపోయి, లేచినప్పుడల్లా ఆ గొంతు తీసేయకముందటి రోజుల్లోనే ఉన్నాననుకుంటోంది.

నవదీప్ తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత — ఇది చెప్పుకోవడానికి అతనికి చాలాకాలం నోరు రాలేదు — ఆ సౌండ్లన్నీ ఎంచి డిలీట్ మీదికి వేలు తీసుకెళ్లాడు. ఇప్పటి పిల్లలకు ఈ మాటలేం అర్థమవుతాయి... సీతారత్నంగారివి ఉన్నాయిగా... అడిగితే ఏమని చెప్పాలి... అలా సాగుతోంది ఆలోచన.

చిట్టచివర ఒక ముక్క మిగతావాటికంటే బాగా పొడుగ్గా ఉంది. ఏమిటో చూద్దామని నొక్కాడు.

గరగర. కుర్చీ జరిపిన చప్పుడు. వెంకటసుబ్బయ్య గొంతు.

"ఇంకొక్కసారి అనండమ్మా. ఉల్లిపాయ."

"ఉల్లి... ఉల్లిపా... ఉల్లిపాయ." అమ్మ నవ్వు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "వస్తలేదు సార్. నా నోట్లె అది ఎవలిదో మాట లెక్కుంది."

"పోనీ మీ మాటే ఉంచేద్దాం. వాడు పసివాడు, నేను నచ్చజెబుతాను."

"వద్దు సార్. మీ తాన్కి వచ్చి అడిగిండంటే పిలగాడు ఎంత సిగ్గువడ్డడో. సీతారత్నం మేడంతోని చెప్పియ్యుండ్రి, ఆమెది మంచి భాష." మళ్లీ కుర్చీ చప్పుడు... మెల్లగా, గుసగుసగా, "ఒక్కటే సార్. వాడు అడిగిన సంగతి నాకు ఎర్కయిందని వానికి చెప్పకుండ్రి. మల్ల నా మొఖం చూడలేడు."

టక్. ముక్క అయిపోయింది.

నేహా ఎప్పుడు వచ్చి నిలబడిందో, చేతిలో మడతపెట్టిన దుప్పటి అలాగే ఉంది.

"మమ్మీజీ?" అంది. "క్యా కెహ్ రహీ థీఁ?" ఏమంటున్నారు అత్తయ్య?

నవదీప్ చెప్పబోయాడు. హిందీలో ఒక్క మాట కూడా పెగల్లేదు.

ఫోన్ తీసి సీతారత్నానికి చేశాడు.

"ఆంటీ, పడుకున్నారా? ఆ గొంతు... ఎవరిదో తెలీదన్నా కదా. అబద్ధం చెప్పిన. అది మా అమ్మ గొంతు. తీసెయ్యమని అడిగింది నేనే. చిన్నప్పుడు."

అవతల మంచం కిర్రుమంది, ఆమె లేచి కూర్చున్నట్టుంది. 

"మాణిక్యంగారిదా!" అంది సీతారత్నం. గొంతులో భయం లేదిప్పుడు, ఇంకేదో ఉంది. "నా చెవులు పాడుగాను, పోల్చుకోలేకపోయాను. ఆ గొంతు కూడా పెట్టు బాబూ. రెండూ ఉండనీ."

"పెడతా ఆంటీ."

"నీకో సంగతి చెప్పనా? నాతో రికార్డు చేయించినప్పుడు ఆవిడ రోజూ వచ్చి నా పక్కనే కూర్చునేది. నేను ఒక్కో మాటా చెబుతుంటే చప్పుడు కాకుండా పెదాలు కదిపేది. ఎందుకండీ అంటే, నేర్చుకుంటున్న మేడం అనేది. మా పిలగాని దోస్తులు ఇంటికొస్తే వాళ్లతోని ఇట్ల మాట్లాడాలె, వాడు సిగ్గువడొద్దు, అనేది... మాట్లాడేదా బాబూ, నీ స్నేహితులతో?"

 

ఆ గొంతు తీసేయించిన ఏడాది తర్వాత, పెళ్లయి అమ్మ ఇల్లు విడిచే దాకా, నవదీప్ ఒక్క స్నేహితుణ్ని కూడా ఇంటికి తీసుకురాలేదు.